పండక్కి బట్టలతోపాటు ఓ పుస్తకం!

మూడేళ్ల కిందట సంక్రాంతికి మా చిన్నమ్మకు ఓ నవల పెట్టాను. ఐదు వందల పేజీలు, గట్టి అట్ట, దాని మీద అందమైన బొమ్మ. చదివినవాళ్లంతా మెచ్చుకున్న నవల. నాకైతే ప్రాణం. ధర్మవరంలో వాళ్లింటికి పోయి, చీరె, పండ్లతోపాటు చేతిలో పెడితే రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది. ఏదో ఘనకార్యం చేసినట్టు పొంగిపోయాను.

మరుసటి సంక్రాంతికి మళ్లీ పోయాను. తువ్వాలు ఇవ్వడానికి చిన్నమ్మ బీరువా తెరిచింది. పట్టుచీరెల కింద, అంగట్లో ఇచ్చిన కవర్లోనే చుట్టిపెట్టి, నా నవల! నా చూపు ఎటు పోయిందో గమనించి, ‘భద్రంగా పెట్టినా నాయనా’ అంది.

ఆ సాయంత్రం ఆమె కూతురు అసలు సంగతి చెప్పింది. ‘అన్నా, అమ్మ మూడు రాత్రులు ఆ పుస్తకం పట్టుకుని కూసునింది. నాలుగో పేజీ దాటలేకపాయ. ఐదో తరగతిలో బడి మానిపిచ్చి మగ్గం పనికి పెట్టినాక ఆమె మళ్లా పుస్తకం పట్టిందే లేదు కదా. నాకు సదువే మర్సిపోయిందే అని ఏడ్చింది. నీకు చెప్పొద్దనింది.’

నా గొంతులో ముద్ద దిగలేదు. బహుమతి ఇచ్చాననుకుని, ఆమెకు దక్కని చదువును గుర్తుచేసి వచ్చాను. తప్పు పుస్తకానిది కాదు. కొనేటప్పుడు నేను ఆ నవల గురించి ఆలోచించాను, నా అభిరుచి గురించి ఆలోచించాను. చిన్నమ్మ గురించి ఆలోచించలేదు. అంతే!

అప్పటినుంచి పండక్కి పుస్తకాలు కొనే పద్ధతి మార్చుకున్నాను. మా చుట్టాలంతా ఒకే రైలు దారిలో ఉన్న మూడు ఊళ్లలో ఉంటారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఇంటికో రకం మనుషులు, మనిషికో రకం చదువు. దుకాణానికి పోయేముందు ఇప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ మనిషి ఏ లిపి హాయిగా చదువుతారు? కళ్లు ఎలా ఉన్నాయి? రోజులో చదవడానికి ఖాళీ ఎప్పుడు, ఎంతసేపు? ఈ పుస్తకం ఆ మనిషి సంతోషం కోసమా, లేక ఆ మనిషిని బాగుచేద్దామనా?

ఈ నాలుగూ తేలితే ఏ పుస్తకం అన్నది దానంతటదే తేలుతుంది.

ఒకే కథ, రెండు లిపులు

హిందూపురం పేరుకు ఆంధ్రప్రదేశ్. ఊరు దాటి కాస్త పోతే కర్ణాటక. బజార్లో ఒక మాట తెలుగు, ఇంకో మాట కన్నడం. సంక్రాంతికి ఇక్కడి కన్నడ ఇళ్లలో ఎళ్లు-బెల్ల పంచుకుంటారు. నువ్వులు, బెల్లం ముక్కలు, ఎండుకొబ్బరి, వేరుశెనగ పప్పులు, పుట్నాలు కలిపి పొట్లం కట్టి ఇస్తారు.

మా మామ హిందూపురంవాడే. అత్తది గౌరీబిదనూరు. చాలా ఏళ్లు ఆ ఇంటికి తెలుగు పుస్తకాలే పట్టుకుపోయాను. అత్త ముట్టుకునేది కాదు. ఆమెకు చదవడం ఇష్టం లేదని నేనే తీర్మానించుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం పూట పోతే ఆమె వసారాలో కూర్చుని ‘సుధ’ కన్నడ వారపత్రిక చదువుకుంటోంది. తలెత్తకుండా చదువుతోంది. ఆమెకు తెలుగు మాట్లాడటం వచ్చు. చదవడం మాత్రం కూడబలుక్కోవాలి. ఇరవై ఏళ్లుగా నేను ఆమె ఇంటికి, ఆమెకు రాని లిపిలో కానుకలు మోస్తున్నానన్నమాట!

తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. అక్షరాలు చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. అయినా పోలికలు పట్టుకుని కూడబలుక్కోవడం వేరు, కథలో మునిగిపోవడం వేరు.

కిందటి పండక్కి వాళ్లకు ఒకే నవల రెండు పుస్తకాలుగా ఇచ్చాను. వసుధేంద్ర రాసిన ‘తేజో తుంగభద్ర’. అత్తకు 2019లో వచ్చిన కన్నడ మూలం. మామకు రంగనాథ రామచంద్రరావు చేసిన తెలుగు అనువాదం. విజయనగర రాజ్యం వెలుగుతున్న కాలంలో, అటు పోర్చుగల్‌లోని లిస్బన్‌లో, ఇటు తుంగభద్ర ఒడ్డున నడిచే కథ. లేపాక్షి పక్కనున్న ఊరివాళ్లకు విజయనగరం పరాయి ముచ్చట కాదు కదా.

అత్త ముందు పూర్తిచేసింది. మామ ఇంకా సగంలో ఉండగానే ‘ముందేమయితుందో చెప్పనా?’ అని ఆటపట్టించడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో పుస్తకం మీద మాటలు నడవడం నేను మొదటిసారి విన్నాను. మీ ఇంట్లోనూ తమిళం, కన్నడం, మరాఠీ, ఉర్దూ చదివే కోడళ్లో అల్లుళ్లో ఉంటే, వాళ్ల లిపిలో ఒక్క పుస్తకం వెతికి చూడండి. పుస్తకం కంటే ముందు ఆ వెతుకులాటే వాళ్లకు చేరుతుంది.

మందలింపును రంగు కాగితంలో చుట్టొద్దు

ఆ ఇంట్లోనే ఇంకో రకం పాఠకుడు ఉన్నాడు. మామ కొడుకు, ఇంటర్ రెండో ఏడు. ‘వీనికి ఏదన్నా బుద్ధొచ్చే పుస్తకం తెచ్చియ్యప్పా’ అని మామ కోరిక. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’ కొందామనుకున్నాను కూడా. ఎంతోమంది ఇష్టంగా చదివిన పుస్తకం. కానీ పదిహేడేళ్ల పిల్లాడు తనంతట తాను కొనుక్కుంటే అది పుస్తకం. పెద్దవాళ్లు పండగపూట చేతిలో పెడితే ‘నువ్వు సరిగ్గా లేవు’ అని రాసిచ్చిన చీటీ. పొద్దస్తమానం కాలేజీలో అదే వింటున్నాడు పాపం.

అందుకే అదే రచయిత రాసిన ‘తులసిదళం’ ఇచ్చాను. క్షుద్రవిద్యల చుట్టూ తిరిగే నవల. ఒకప్పుడు రాత్రిళ్లు చదవడానికి జనం భయపడిన కథ. ‘పరీక్షలు పెట్టుకుని ఇదా!’ అని మామ నా మీద గుర్రుమన్నాడు. పిల్లాడు రెండు రాత్రుల్లో ముగించి, ‘దీనికి రెండో భాగం ఉందంట కదన్నా?’ అని ఫోన్ చేశాడు. ఉంది, దాని పేరు ‘తులసి’. పరీక్షలయ్యాక ఇస్తానన్నాను. ఫోన్ వదలని పిల్లాడు రెండు రాత్రులు ఫోన్ పక్కన పెట్టాడంటే చాలు. బుద్ధి సంగతి తర్వాత చూసుకుందాం.

షిఫ్టు బస్సు వచ్చేలోపు ఒక కథ

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక, ఆ చుట్టుపక్కల పల్లెల దినచర్యే మారిపోయింది. పొద్దు, మాపు పోయి షిఫ్టులు వచ్చాయి. మా అక్క కొడుకు అక్కడే విడిభాగాలు చేసే ఓ కంపెనీలో పని చేస్తాడు. వారం పగలు, వారం రాత్రి. పుస్తకం ఇస్తానంటే, ‘మామా, నవలలు నావల్ల కాదు. బస్సులో చదివితే కండ్లు తిరుగుతాయి. ఇంటికొస్తే నిద్ర’ అన్నాడు ముందే.

ఖాళీ ఎప్పుడని అడిగాను. షిఫ్టు బస్సు కోసం రోడ్డు మీద నిలబడే పావుగంట. టీ విరామం ఇంకో పది నిమిషాలు. ఆ కొలతకు సరిపోయేవి చిన్న కథలే. నామిని సుబ్రమణ్యం నాయుడు ‘మిట్టూరోడి పుస్తకం’ ఇచ్చాను. చిత్తూరు జిల్లా పల్లె కతలు, కొన్ని పేజీల్లో అయిపోతాయి. మొదటి కథ చదివి ‘ఇదేంది మామా, మన మాదిరే మాట్లాడతాండారు?’ అన్నాడు ఆశ్చర్యంగా. పాఠాల్లో, పేపర్లలో కనబడని సీమ మాట అచ్చులో చూస్తే ఎవరికైనా ఆ ఆశ్చర్యం తప్పదు. తర్వాత సింగమనేని నారాయణ సంకలనం చేసిన ‘సీమ కథలు’ ఇచ్చాను. 2021లో కన్నుమూసిన సింగమనేని మా అనంతపురం జిల్లావారే. వాన చుక్క కోసం మొగులు వైపు చూసే రైతుల బతుకు ఆయనకు తెలిసినంత బాగా తెలిసినవాళ్లు తక్కువ.

చదవడానికి అసలే తీరనివాళ్లకు వినే పుస్తకాలున్నాయి. ‘దాసుభాషితం’ లాంటి యాప్‌లలో తెలుగు కథలు, నవలలు చదివి వినిపిస్తారు. వంట చేసుకుంటూ, బండి కడుక్కుంటూ వినొచ్చు. ఏడాది చందా కట్టి ఇస్తే అదీ కానుకే. ఫోన్‌లో యాప్ పెట్టి, మొదటి కథ మీరే మోగించి మరీ ఇవ్వండి. లేకపోతే అది అక్కడే పడుంటుంది.

అన్నీ చదివేసిన మనిషికి ఏమిస్తాం?

పెనుకొండలోనే మా పెద్దనాయన ఉన్నాడు. రిటైరైన చరిత్ర అయ్యవారు. 1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిపోయాక విజయనగర రాజులు రాజధానిని పెనుకొండకు మార్చుకున్నారని తెలిసిందే. పెద్దనాయన మాత్రం ఆ సంగతి మొన్ననే జరిగినట్టు చెప్తాడు. గగన్‌మహల్ గోడ నీడలో నిలబడితే ఆయన్ను ఆపలేం.

ఇలాంటి పాఠకులతో చిక్కేమిటంటే, మనం తెచ్చే పుస్తకం అప్పటికే వాళ్ల దగ్గర ఉంటుంది. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ పట్టుకుపోయాను ఒకసారి. 18వ శతాబ్దపు రాయలసీమ మీద రాసిన నవల. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పెద్దనాయన నవ్వి, అలమరలోంచి తన ప్రతి తీసి చూపించాడు. అంచుల నిండా పెన్సిల్ గీతలు, ప్రశ్నార్థకాలు. గంటసేపు వాదించాడు, ఆనందంగా. నేను తెచ్చింది పక్కింటి కుర్రాడికి పోయింది.

ఆ అలమరలోనే ‘పెనుగొండలక్ష్మి’ కనబడింది. పుట్టపర్తి నారాయణాచార్యులు పెనుకొండలో పెరిగే రోజుల్లో, ఇంకా మీసాలు కూడా రాని వయసులో రాసిన కావ్యం. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు తాను రాసిన ఆ పుస్తకమే తనకు పాఠ్యపుస్తకంగా వచ్చిందని చెప్పుకుంటారు. పెద్దనాయన దగ్గరున్న ప్రతి అట్ట ఊడిపోయి, కుట్లు తెగి, పేజీలు రాలుతున్నాయి. రబ్బరు బ్యాండు వేసి ఉంచాడు.

‘పెద్దనాయనా, ఇది నాకు వారం రోజులు ఇస్తావా?’ అన్నాను. అనుమానంగా చూశాడు, కానీ ఇచ్చాడు. హిందూపురంలో బైండింగ్ చేసేవాళ్ల దగ్గర కుట్టించి, క్యాలికో అట్ట వేయించి, భూతద్దం ఒకటి జతచేసి పండగరోజు చేతిలో పెట్టాను. ఏమీ మాట్లాడలేదు. వాసన చూశాడు. అంతవరకు నేనిచ్చిన ఏ కొత్త పుస్తకాన్నీ ఆయన వాసన చూడలేదు.

భూతద్దం ఎందుకంటే, ఆయనకు కంటిశుక్లాల ఆపరేషన్ అయింది. తెలుగు అచ్చులో పెద్దవాళ్లను ఇబ్బంది పెట్టేవి ఒత్తులు. అక్షరం పెద్దగానే కనబడుతుంది, కిందనున్న ఒత్తు చీమ తలకాయంత ఉంటుంది. అందుకే పెద్దవాళ్లకు కొనేటప్పుడు అట్ట చూడకండి. మధ్యలో ఒక పేజీ తెరిచి, మూరెడు దూరం పెట్టుకుని, ‘లక్ష్మి’, ‘శాస్త్రం’ లాంటి మాటల్లో ఒత్తులు కనిపిస్తున్నాయా చూడండి. మీకే కష్టంగా ఉంటే ఆ పుస్తకం వాళ్లకు వద్దు.

మగ్గం పక్కన రైలుబడి

ఇక ధర్మవరం. చిన్నమ్మ అల్లుడు రైల్వేలో ఉద్యోగి. డ్యూటీలో ఊళ్లు తిరిగే మనిషి కాబట్టి ఊళ్లు తిరిగినవాళ్ల కథలంటే ఇష్టం. ఆయనకు తిరుమల రామచంద్ర ఆత్మకథ ‘హంపీ నుంచి హరప్పా దాకా’ ఇచ్చాను. ‘ఈయన పుట్టింది మీ ధర్మవరం తాలూకాలోనే బావా’ అంటే నమ్మలేదు, పుస్తకం తెరిచి చూసుకున్నాడు. హంపీ పక్కన బాల్యం గడిపి, సంస్కృతం చదివి, లాహోర్ దాకా పోయి, పత్రికల్లో పనిచేసిన మనిషి జీవితం అది. సొంత ఊరివాడు అన్న ఒక్క మాట, ఎంత లావు పుస్తకాన్నయినా తేలిక చేస్తుంది.

చిన్నమ్మకు మాత్రం ఏమివ్వాలో తోచలేదు. మళ్లీ నవల ఇస్తే పుండు మీద కారం. పెద్ద అక్షరాల పిల్లల పుస్తకం ఇస్తే ‘నీ స్థాయి ఇదీ’ అన్నట్టుంటుంది. చివరకు ఆమెకు చీరె మాత్రమే పెట్టి, పుస్తకం ఆమె మనవరాలికిచ్చాను. పాపకు తొమ్మిదేళ్లు, ఇంగ్లీషు మీడియం. ఆ పుస్తకం పేరు ‘రైలుబడి’. జపాన్‌లో తెత్సుకో కురొయనాగి రాసుకున్న తన చిన్ననాటి ముచ్చట్లు. 1981లో జపాన్ భాషలో వచ్చింది. పాత రైలుపెట్టెల్లో పాఠాలు చెప్పే బడి కథ. రైలు కూతలతో నిద్రలేచే ధర్మవరం పాపకు ఇంతకంటే ఏం కావాలి?

పాపకు తెలుగు అంతంతమాత్రం. అక్షరాలు పలుకుతుంది, మాట అర్థం కాదు. వాళ్లింట్లో అప్పుడు మగ్గం ఆగి ఉంది. చీరెలు అయిపోయి కొత్త పడుగు వచ్చింది. పాత పోగుల కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటే అతకాలి. వేల పోగులు. మగ్గం చప్పుడుండదు, చేతులు కదులుతుంటాయి, చెవులు ఖాళీ. పాప పక్కన కూర్చుని గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ‘ప్ర... ప్రధా... ప్రధానో...’ అని నట్టుతుంటే చిన్నమ్మ పోగు మీదనుంచి చూపు తిప్పకుండానే ‘ప్రధానోపాధ్యాయుడు’ అని అందించింది. పాపకు అక్షరాలు తెలుసు. అవ్వకు మాటలు తెలుసు. ఇద్దరూ కలిస్తే ఒక పాఠకురాలు!

కొత్త బడిలో చేరడానికి వచ్చిన చిన్నపిల్లను ప్రధానోపాధ్యాయుడు ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీకేం చెప్పాలనిపిస్తే అది చెప్పమంటాడు. ఆ పిల్ల నాలుగు గంటలు మాట్లాడుతుంది, ఆయన నాలుగు గంటలూ వింటాడు. ఆ చోటికి వచ్చేసరికి చిన్నమ్మ చేతులు ఆగాయి.

‘నాలుగు గంటలా? మళ్లా చదువుమ్మీ.’

పాప మళ్లీ చదివింది. చిన్నమ్మ కాసేపు ఊరకుండి, ‘మా అయ్యవారు నాలుగు మాటలన్నా వినింటే...’ అని, ఆ మాట అక్కడే వదిలేసి మళ్లీ పోగు అందుకుంది. నేను తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ నిలబడిపోయాను.

కొనేముందు ఇవి చూసుకోండి

మన చిన్న ఊళ్లలో తెలుగు సాహిత్యం దొరికే పెద్ద దుకాణాలు తక్కువ. విజయవాడ పుస్తక మహోత్సవం 1989 నుంచి జరుగుతోంది. సాధారణంగా జనవరి మొదట్లో ఉంటుంది కాబట్టి సంక్రాంతికి ముందే. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన సాధారణంగా డిసెంబరులో. అక్కడికి పోయే చుట్టం ఉంటే ముందే జాబితా రాసివ్వండి. పోస్టులోనో కొరియర్‌లోనో తెప్పించుకునేవాళ్లు డిసెంబరు సగంలోపే చెప్పండి. పండగ రద్దీలో పార్శిల్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. పిల్లలకైతే ‘మంచి పుస్తకం’ లాంటి ప్రచురణకర్తలు వంద రూపాయల లోపే మంచి బొమ్మల పుస్తకాలు ఇస్తున్నారు. అనుమానంగా ఉంటే ముందు మీ ఊరి శాఖా గ్రంథాలయంలో ఆ పుస్తకం తిరగేయండి.

మొదటి పేజీలో ‘బాగా చదివి పైకి రావాలి’ అని రాయకండి. తేదీ, ఊరు, ఆ పుస్తకం చూసినప్పుడు వాళ్లెందుకు గుర్తొచ్చారో ఒక్క వాక్యం రాస్తే చాలు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. ఇచ్చాక ‘చదివావా?’ అని అడగొద్దు. ఆ ప్రశ్న కానుకను హోమ్‌వర్కు చేస్తుంది. చదివినవాళ్లు వాళ్లే చెప్తారు. చెప్పకపోతే మీ బంధానికేం తక్కువ కాదు.

ఈ ఏడు పండగ ఇంకా మూడు వారాలుందనగా చిన్నమ్మ ఫోన్ చేసింది. క్షేమ సమాచారాలన్నీ అయ్యాక, ‘పాపకు ఏం పుస్తకం తెస్తాండావు?’ అని అడిగింది. ఇంకా చూడలేదన్నాను.

‘ఏదైనా తే. అచ్చు మాత్రం కొంచెం పెద్దదిగా ఉండాల’ అంది. కాస్త ఆగి, ‘అది బడికి పోయినాక నేనూ చూసుకుంటాలే’ అంది.

నా ఐదు వందల పేజీల నవల ఇంకా ఆమె బీరువాలోనే ఉంది. దాని ఊసు నేనెత్తను.